జీతం లేని పనితో మొదలైన కెరియర్

అనంతపురం జిల్లాలో మామిడి తోటలున్నవారికి ఆకుగూడు పురుగు తెలిసే ఉంటుంది. ఆకుల్ని దారాలతో దగ్గరికి లాగి గూడు అల్లుకుని, లోపల కూర్చుని పచ్చదనమంతా గోకి తినేస్తుంది. పుస్తకాల్లో దాని శాస్త్రీయ నామం ఆర్థగా ఎక్స్‌వినేసియా. పక్కనే హాంప్సన్ అని ఉంటుంది. ఆ చివరి మాట పురుగుది కాదు, దానికి పేరు పెట్టిన మనిషిది. పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసే ఆ పేరు వెనక ఓ కెరియర్ కథ ఉంది.

జార్జ్ ఫ్రాన్సిస్ హాంప్సన్ 1860లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, టీ తోటలు వేద్దామని నీలగిరికి వచ్చారు. అక్కడే సీతాకోకచిలుకల మీద, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల మీద మనసు పడింది. ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో వాలంటీర్‌గా చేరారు. జీతం లేదు. సంపన్న కుటుంబం కాబట్టి చెల్లింది, మన డిగ్రీ కుర్రాళ్లకు అంత వెసులుబాటు ఎక్కడిది? అయితే ఆ రోజుల్లో ఆయన ఊరికే కూర్చోలేదు. 1891లో నీలగిరి పురుగుల మీద పుస్తకం తెచ్చారు. తర్వాత భారత్, శ్రీలంక, బర్మా రెక్కల పురుగులన్నిటి మీదా నాలుగు సంపుటాల పని మొదలెట్టారు. వాటిలో రెండు అచ్చయ్యాక, 1895 మార్చిలో మ్యూజియమే పిలిచి అసిస్టెంట్ ఉద్యోగం ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు 35.

1896లో వచ్చిన నాలుగో సంపుటంలో ప్రధానంగా ఉన్నవి పైరాలిడే పురుగులే. మూతి దగ్గరి స్పర్శాంగాలు ముక్కులా ముందుకు పొడుచుకొచ్చినట్టుండే చిన్న చిన్న జీవులివి. పైకి చూస్తే చాలావరకు ఒకేలా, మట్టిరంగులో ఉంటాయి. హాంప్సన్ వీటిని రెక్కల్లోని ఈనెల అమరికను బట్టి విడదీశారు. పొలుసుల కింద దాగిన ఈనెల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం, వేల నమూనాలకు... ఓపిక ఉండాలి మరి!

ఇదంతా మ్యూజియం గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మన మెట్ట చేలల్లో కందికి పూత దశలో రెండు పురుగులు పడతాయి. శనగపచ్చ పురుగు తల మాత్రం కాయలో దూర్చి, ఒళ్లు బయటపెట్టి తింటుంది. మరుకా మచ్చల పురుగు హాంప్సన్ చదివిన ముక్కు పురుగుల బాపతు. పూతను, మొగ్గల్ని గూడుగా అల్లుకుని లోపల ఉంటుంది. గూడు కట్టేశాక కొట్టిన మందు దానికి సరిగా తగలదు. ఏ పురుగో తెలియకపోతే ఖర్చు రైతుదే.

హాంప్సన్ పద్ధతికి ఓ లోపం ఉంది. ఈనెల్ని నమ్ముకున్నంతగా ఆయన జననాంగాల పరీక్షను పట్టించుకోలేదు. పోలికలు మరీ దగ్గరగా ఉన్న జాతుల్ని విడదీయడానికి అదే కీలకం. అందుకే తర్వాతివాళ్లు ఆయన పెట్టిన వర్గాల్ని చాలాచోట్ల సరిదిద్దాల్సి వచ్చింది. మరుకా సహా ఎన్నో జాతులు ఇప్పుడు క్రాంబిడే అనే వేరే కుటుంబంలో ఉన్నాయి. ఆ మరుకానే పాత పుస్తకాల్లో టెస్టులాలిస్, ఇప్పుడు విట్రాటా. ఎందుకంటే ఫాబ్రీషియస్ 1787లోనే ఆ పేరు పెట్టేశారు, ముందు పెట్టిన పేరుకే హక్కు. పోటీ పరీక్షల్లో రెండూ కనిపిస్తే కంగారు పడకండి.

మరో 15 సంపుటాల కేటలాగ్ 1920 దాకా సాగింది. 1936లో హాంప్సన్ కన్నుమూశారు. ఆయన చేసిన తరహా పని ఇప్పుడు అనంతపురం నుంచి రైలెక్కితే చేరుకునే బెంగళూరులోనే, వ్యవసాయ కీటకాల జాతీయ బ్యూరోలో జరుగుతోంది. జువాలజీ, అగ్రికల్చర్ చదివి ఎంటమాలజీలో పీజీ చేసినవారికి అటువైపు దారి ఉంది.