వారానికోసారి వేసే మాత్ర.. మన సుబ్బారావు చలవే

పిడుగురాళ్లలోనైనా, పట్నంలోనైనా బిడ్డకు బ్లడ్ క్యాన్సర్ అనగానే ఇల్లంతా కుప్పకూలుతుంది. కానీ, ఆ చిన్నారులకు ఇచ్చే మెథోట్రెక్సేట్ వెనక ఓ తెలుగువాడు ఉన్నాడని మీకు తెలుసా? ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకుని ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్‌ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. సోదరుడు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కన్నుమూయడం ఆయన్ను కలచివేసింది. 1923లో బోస్టన్‌ చేరి, ఆసుపత్రిలో రాత్రి పనులు చేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో ఎంత కృషి చేసినా శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూకు మందు దొరికింది. సోదరుడికి మాత్రం అందలేదు.

ఇంతలో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒకటి గమనించారు. ఫోలిక్ రకం మందులిస్తే పిల్లల్లో లుకేమియా ఇంకా పెరుగుతోంది. మరి దాన్ని అడ్డుకుంటే? ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, దాని పనిని చెడగొట్టే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం అందించింది. 1948లో ఫార్బర్ వెల్లడించిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గింది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు.

లుకేమియాలో కొన్ని జన్యువులు గాడి తప్పుతాయి. ఉదాహరణకు 12, 21 క్రోమోజోముల ముక్కలు అతుక్కుంటే, ముదరాల్సిన తెల్లకణాలు లేతగానే ఉండి పెరిగిపోతాయి. అయితే ఈ రకం చికిత్సకు బాగా లొంగుతుంది. అందుకే జన్యు పరీక్ష చూసి మందుల తీవ్రత నిర్ణయిస్తారు. సుబ్బారావు కాలానికి డీఎన్‌ఏ రూపమే తెలియదు. ఆయన మందు చెడిన జన్యువును బాగుచేయదు. కణం రెండుగా చీలేందుకు కావాల్సిన సరుకు అందకుండా చేస్తుంది.

మీ బిడ్డ ఈ చికిత్సలో ఉంటే రెండు మాటలు మరవొద్దు. కొద్ది నెలలకే బిడ్డ ఆడుకుంటున్నాడని మందులు ఆపొద్దు. దాగిన కణాలు తిరగబెడతాయి. చికిత్స రెండు మూడేళ్లు సాగాలి. మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే ఇస్తారు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. ఆ రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. తెలియకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రలూ వేయొద్దు. ముందు డాక్టర్‌ని అడగండి.