కొలిచి చూచి చెప్పినవాడు: అబూ రైహాన్ అల్‌బీరూనీ

క్రీస్తు శకం పదకొండవ శతాబ్దపు తొలి దశకాలలో గజ్నీ నగరంలో ఇద్దరు ప్రసిద్ధ పురుషులు నివసించారు. ఒకడు దేశాలను జయించిన సుల్తాన్ మహమూద్. రెండవవాడు, ఆ సుల్తాను ఒక దేశాన్ని జయించినప్పుడు అక్కడి నుంచి తరలించుకొని వచ్చిన పండితుడు. సుల్తాను గెలిచిన రాజ్యం అతని కుమారుల కాలంలోనే చీలిపోయింది. పండితుడు చేసిన కొలతలను లోకం నేటికీ స్మరిస్తున్నది. ఆ పండితుడే అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ అల్‌బీరూనీ.

మేము భాషను బోధించేవారం. భౌతిక రసాయన శాస్త్రాలు మా విషయాలు కావు. అయినా ఈ మహనీయుని గురించి వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. సాంద్రత అనగానేమి అని అడిగితే మన విద్యార్థులు నిర్వచనాన్ని ఒక్క గుక్కలో అప్పగిస్తారు. ఎన్నడైనా ఒక రాతిని తూచి, నీటిలో ముంచి ఆ సాంద్రతను కనుగొన్నారా అని అడిగితే తల వంచుకొంటారు. చదువుకొనే రోజులలో మేమూ అలా తల వంచుకొన్నవారమే. వేయి సంవత్సరాల క్రిందట, యంత్రాలు లేని కాలంలో, ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న ఒక మనిషి ఈ పనులన్నీ తన చేతులతో చేశాడని తెలిసినప్పుడు మాకు కలిగిన ఆశ్చర్యమే ఈ వ్యాసానికి మూలం.

బీరూనీ 973వ సంవత్సరం సెప్టెంబరు 4వ తేదీన ఖ్వారజ్మ్ దేశంలోని కాథ్ నగర సమీపంలో జన్మించాడు. అరల్ సముద్రానికి దక్షిణంగా, ఆము దర్యా నదీ తీరాన ఉన్న ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో చేరి ఉన్నది. ఫారసీలో బీరూన్ అంటే వెలుపల అని అర్థం. నగరం వెలుపలివాడు కనుక ఆ పేరు వచ్చిందంటారు. రాజవంశానికి చెందిన అబూ నస్ర్ మన్సూర్ అనే గణితవేత్త ఆయనకు గురువైనాడు. పదిహేడేళ్ళ ప్రాయంలో, అంటే మన ఇంటర్మీడియెట్ విద్యార్థుల ఈడులో, బీరూనీ మధ్యాహ్న సూర్యుని ఎత్తును కొలిచి తన ఊరి అక్షాంశాన్ని లెక్కకట్టాడు.

ఆ శాంతి ఎంతో కాలం నిలువలేదు. 995లో గుర్‌గాంజ్ పాలకుడు కాథ్ రాజును ఓడించి రాజ్యాన్ని ఆక్రమించాడు. ఆశ్రయమిచ్చిన వంశం కూలిపోగా ఇరవైరెండేళ్ళ బీరూనీ దేశం విడిచి పారిపోయాడు. రై నగరంలో దారిద్ర్యం అనుభవించాడు. అక్కడి ఒక జ్యోతిష్కుడు ఆయన చిరిగిన స్థితిని చూచి ఆయన విద్యను కూడా తీసివేశాడట. కాలం కలిసివచ్చిన తరువాత ఆ మనిషే స్నేహానికి వచ్చాడు. విద్య పెరగలేదు, తరగలేదు. మారినది సంపద మాత్రమే. ఈ సంగతిని బీరూనీ తన గ్రంథంలో దాచకుండా వ్రాశాడు.

997లో మళ్ళీ స్వస్థలంలో ఉన్నప్పుడు ఆయన చేసిన ఒక పని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది. ఆ సంవత్సరం మే 24వ తేదీన చంద్రగ్రహణం పట్టింది. బగ్దాదులో ఉన్న అబుల్ వఫా అనే ఖగోళవేత్తతో ముందుగానే ఏర్పాటు చేసికొని, ఇద్దరూ తమ తమ ఊళ్ళలో ఆ గ్రహణ సమయాన్ని గుర్తించారు. భూమి నీడ చంద్రునిపై పడడమే చంద్రగ్రహణం. అది చూచే వారందరికీ ఒకే క్షణంలో సంభవిస్తుంది. కాని ఆ క్షణంలో ఒక్కొక్క ఊరి కాలమానం ఒక్కొక్క విధంగా ఉంటుంది. భూమి ఒక గంటలో 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక, రెండు ఊళ్ళ సమయాల వ్యత్యాసం తెలిస్తే రేఖాంశాల వ్యత్యాసం తెలుస్తుంది. కాథ్‌కూ బగ్దాదుకూ వ్యత్యాసం సుమారు ఒక గంట అని తేలింది. తంతి లేదు, టెలిఫోను లేదు. ఎడారులకు ఇరువైపుల ఉన్న ఇద్దరు మనుష్యులు ఒకే చంద్రుని చూచి భూమిని కొలిచారు.

తరువాత బీరూనీ గుర్గాన్ ప్రభువు ఖాబూస్ ఆస్థానానికి చేరాడు. వివిధ జాతుల పంచాంగాలను, పండుగలను, శకాలను పరిశీలించిన మహాగ్రంథాన్ని 1000వ సంవత్సర ప్రాంతంలో ఆ ప్రభువుకు అంకితం చేశాడు. తనకంటె ఏడేండ్లు చిన్నవాడైన ఇబ్న్ సీనాతో లేఖల ద్వారా ఆయన జరిపిన వాదం కూడా ప్రసిద్ధమైనదే. అరిస్టాటిల్ చెప్పిన విషయాలపై సందేహాలు లేవనెత్తుతూ ఆయన పద్దెనిమిది ప్రశ్నలు పంపాడు. మంచుగడ్డ నీటిపై ఎందుకు తేలుతుంది అన్నది వాటిలో ఒకటి. నీరు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది. ఒక ఘన సెంటీమీటరు మంచుగడ్డ సుమారు 0.92 గ్రాములే తూగుతుంది కనుక తేలుతుంది. ఈ జవాబు నేడు హైస్కూలు బాలునికి తెలుసు. కాని అరిస్టాటిల్ పేరు వినగానే పండితులు తల వంచే కాలంలో ప్రశ్న వేయడమే సాహసం.

1017లో మహమూద్ సేనలు ఖ్వారజ్మ్‌ను జయించాయి. అప్పటికి స్వదేశానికి తిరిగి వచ్చి గుర్‌గాంజ్ ఆస్థానంలో ఉన్న బీరూనీని, మరికొందరు పండితులను సుల్తాను గజ్నీకి తరలించాడు. ఆయన బందీయా, ఆస్థాన పండితుడా అంటే రెండూ అని చెప్పవలసి ఉంటుంది. మరుసటి సంవత్సరం అక్టోబరులో కాబూలు దగ్గర ఒక పల్లెలో ఉన్నప్పుడు సూర్యుని ఎత్తు కొలవాలని ఆయనకు కోరిక కలిగింది. చేతిలో పరికరం ఒక్కటీ లేదు. లెక్కలు వ్రాసికొనే పలక వెనుకవైపున వృత్తపాదాన్ని గీసి, భాగాలు గుర్తించి, కొసకు బరువు కట్టిన దారాన్ని వ్రేలాడదీసి ఆయన పని సాగించాడు. పరికరాలు లేవని పని మానుకొనేవారికి ఈ ఒక్క సంఘటన చాలు.

గజ్నీ నగరపు స్థానాన్నీ, అక్కడి నుంచి ఖిబ్లా దిశనూ నిర్ణయించడం కోసం ఆయన ఒక గ్రంథం పూనుకొని 1025లో పూర్తిచేశాడు. భూమి వ్యాసార్థాన్ని కొలిచిన విధానం అందులోనే ఉన్నది. నేటి పాకిస్తాన్‌లోని పంజాబులో నందన అనే కోట ఉన్నది. దాని ప్రక్కన ఒక కొండ, ఎదుట విశాలమైన మైదానం. బీరూనీ మైదానంలో రెండు చోట్ల నుంచి కొండ శిఖరాన్ని చూచి, కోణాలు కొలిచి, కొండ ఎత్తు సుమారు 652 మూరలని గణించాడు. అటుపిమ్మట శిఖరమెక్కి దూరాన నేల, ఆకాశం కలిసే క్షితిజరేఖను చూచాడు. భూమి బల్లపరుపుగా ఉంటే ఆ రేఖ కంటికి సమమట్టంగా కనిపించాలి. భూమి గుండ్రన కనుక అది కొంచెం క్రిందికి దిగి కనిపించింది. ఆ దిగుదల 34 నిమిషాల కోణం, అంటే ఆకాశంలో పూర్ణచంద్రుని వెడల్పు కంటె కొద్దిగా ఎక్కువ. ఈ రెండు కొలతలతో, ఒక్క లంబకోణ త్రిభుజం సాయంతో, భూవ్యాసార్థం 1 కోటి 28 లక్షల మూరల పైచిలుకు అని తేల్చాడు.

భూమిపై ఒక డిగ్రీ పొడవు ఆ లెక్క ప్రకారం సుమారు 56 అరబ్బీ మైళ్ళు. అంతకు రెండు వందల యేండ్ల పూర్వం ఖలీఫా మామూన్ పంపిన ఖగోళవేత్తలు మైదానాలలో నడచి కొలిచి 56 మైళ్ళ మూడింట రెండు వంతులు అని చెప్పి ఉన్నారు. ఎడారిలో బారులు తీరి నడవనవసరం లేకుండా ఒక్క కొండపై నిలిచి దాదాపు అదే ఫలితాన్ని పొందిన బీరూనీ గర్వించలేదు. వారి పరికరాలు తన పరికరాలకంటె మేలైనవని, వారి కొలతనే ఆధారంగా తీసికొంటానని చెప్పాడు. కొలవడం ఒక గొప్ప. తన కొలతకు గల హద్దును ఒప్పుకోవడం అంతకు మించిన గొప్ప.

ఇక పదార్థాల విషయం. బీరూనీ ఒక ప్రత్యేకమైన పాత్రను చేయించాడు. దాని మెడ ప్రక్కన క్రిందికి వంగిన సన్నని గొట్టం ఉంటుంది. పాత్రను నీటితో నింపి, తూచిన లోహపు ముక్కను అందులో వేస్తే, ఆ ముక్క ఆక్రమించినంత నీరు గొట్టం నుంచి బయటికి వస్తుంది. ఆ నీటిని తూస్తే లోహపు సాపేక్ష సాంద్రత తెలుస్తుంది. బంగారం, పాదరసం, సీసం, వెండి, రాగి, ఇనుము మొదలైన లోహాలకూ, అనేక రత్నాలకూ ఆయన ఇలా విలువలు కట్టాడు. తరువాతి శతాబ్దంలో ఖాజినీ త్రాసుల గురించి వ్రాసిన గ్రంథంలో ఈ పద్ధతిని, ఫలితాలను భద్రపరచాడు. హీనలోహాలను బంగారంగా మార్చవచ్చుననే రసవాదాన్ని బీరూనీ నమ్మలేదు. పచ్చను చూచిన పాము గ్రుడ్డిదవుతుందని ఆనాటి పెద్దలందరూ చెప్పేవారు. ఆయన ఒక పాము మెడకు పచ్చల దండ కట్టించి, దాని ఎదుట పచ్చలు పరిపించి, నెలల తరబడి పరీక్షించి, ఆ మాట అబద్ధమని వ్రాశాడు.

గజ్నీ కొలువు ఆయనను హిందూదేశానికి చేర్చింది. నడి వయస్సు దాటుతూ ఆయన సంస్కృతం నేర్చుకొన్నాడు. పండితుల వద్ద కూర్చొని బ్రహ్మగుప్తుని, వరాహమిహిరుని గ్రంథాలు పరిశీలించాడు. పతంజలి యోగశాస్త్రాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. యూక్లిడ్ గ్రంథాన్ని ఇక్కడి పండితుల కోసం సంస్కృతంలోకి తేవడానికి కృషి చేశాడు. 1030 ప్రాంతంలో ముగించిన హిందూదేశ వర్ణన గ్రంథంలో ఆయన నిష్పాక్షికత అడుగడుగునా కనిపిస్తుంది. గ్రహణానికి నిజమైన కారణం తెలిసి కూడా రాహువు కథకు తల ఒగ్గినందుకు బ్రహ్మగుప్తుని తప్పుపట్టాడు. అదే బ్రహ్మగుప్తుని మహాపండితుడని పొగిడాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతుందన్న ఆర్యభటుని అనుయాయుల మాటవల్ల ఖగోళ గణితానికి భంగం లేదన్నాడు. మహమూద్ దండయాత్రలు ఈ దేశపు సౌభాగ్యాన్ని నాశనం చేశాయని, అందువల్లనే ఇక్కడి విద్యలు కాశ్మీరానికీ కాశికీ తరలిపోయాయని స్పష్టంగా వ్రాశాడు. ఎవరి అన్నం తింటున్నాడో వారి తప్పును కూడా త్రాసులో వేసి తూచిన ధీరుడాయన.

1029లో బీరూనీ ఆరంభ విద్యార్థుల కోసం ఒక పాఠ్యగ్రంథం వ్రాశాడు. రైహానా అనే విద్యార్థిని కోసం వ్రాసిన ఆ గ్రంథంలో 530 ప్రశ్నలు, వాటి జవాబులు ఉన్నాయి. బిందువు అనగా ఏమి, రేఖ అనగా ఏమి అని మొదలై గణితం, ఖగోళం, భూగోళం మీదుగా సాగి, జ్యోతిషం చిట్టచివర వస్తుంది. వేయి సంవత్సరాల క్రిందట ఒక యువతి ప్రశ్నించగా ఒక మహాపండితుడు ఓపికతో జవాబు చెప్పాడన్న విషయాన్ని మన కళాశాల విద్యార్థినులు, వారి తలిదండ్రులు మరువరాదు.

బీరూనీ మాతృభాష ఖ్వారజ్మీ. ఆయన వ్రాసినది అరబ్బీలో, ఫారసీలో. రెండూ నేర్చుకొన్న భాషలే. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అని దిగులు పడే మన విద్యార్థులకు ఇంతకంటె ధైర్యవచనం మేము చెప్పలేము. మతనిష్ఠ ఆయన శాస్త్రానికి అడ్డుకాలేదు. నమాజు వేళలు తెలుపే ఒక పరికరంపై రూమీల నెలల పేర్లున్నాయని ఒక భక్తుడు దానిని నిరాకరించాడట. రూమీలు అన్నం కూడా తింటారు, వీధులలో నడుస్తారు కూడా, మరి వాటినీ మానుకోవాలా అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు.

1030లో మహమూద్ కుమారుడు మసూద్ పేర ఆయన రచించిన ఖగోళ మహాగ్రంథమే ఖానూనె మసూదీ. అందుకు బహుమతిగా ఏనుగు మోసినంత వెండి రాగా తిప్పి పంపాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అరవై దాటిన వయస్సులో తన రచనల పట్టిక తయారు చేసినప్పుడు వాటి సంఖ్య నూరు దాటింది. 1048 ప్రాంతంలో గజ్నీలో ఆయన కన్నుమూశాడు. చివరి ఘడియలలో చూడవచ్చిన ఒక న్యాయశాస్త్ర పండితుని, వారసత్వపు లెక్కలోని ఒక చిక్కును వివరించమని అడిగాడట. ఈ స్థితిలోనా అని ఆయన విస్తుపోగా, తెలియకుండా పోవడంకంటె తెలిసికొని పోవడం మేలు కదా అన్నాడట. వివరించి వీధిలోకి వచ్చిన పండితునికి ఇంటిలోనుంచి రోదనధ్వని వినిపించింది.

బీరూనీ గ్రంథాలకు మన నేలతో ఒక బంధం ఉన్నది. 1888లో హైదరాబాదులో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఆయన రత్నశాస్త్రాన్ని 1936లోను, ఖానూనె మసూదీని మూడు సంపుటాలుగా 1954, 1956 సంవత్సరాల మధ్యను, హిందూదేశ గ్రంథాన్ని 1958లోను అరబ్బీ మూలంలో ప్రకటించింది. ఆయన మాట ప్రపంచమంతటా పండితుల చేతికి చేరడంలో మన నగరానికి కొంత భాగమున్నది.

కళాశాల కమిటీ పెద్దలకు మా వినతి ఒక్కటే. ప్రయోగశాలలోని త్రాసు అద్దాల బీరువాలో మెరుస్తూ ఉండడంకంటె విద్యార్థి చేతిలో అరిగిపోవడం మేలు. విద్యార్థులకు మా కోరిక కూడా ఒక్కటే. మన ఆవరణలోని జెండా కొయ్య నీడ మధ్యాహ్నం ఎన్ని మూరలుంటుందో రేపు కొలిచి చూడండి. వచ్చే నెల మళ్ళీ కొలవండి. ఎందుకు మారిందని మీ అధ్యాపకులను అడగండి. బీరూనీ పదిహేడేళ్ళ వయస్సులో మొదలుపెట్టిన పని అదే.