బిందువుతో మొదలైన పాఠం: చిత్రకళోపాధ్యాయుడు పాల్ క్లే

చిత్రలేఖనం పుట్టుకతో అబ్బవలసినదే గాని ఒకరు నేర్పితే వచ్చేది కాదని మనలో పలువురి నమ్మకం. చేయి తిరిగిన చిత్రకారుని చూచినప్పుడు అది దైవదత్తమని తలచి ఊరుకుంటాము. అక్షరాలు దిద్దనిదే ఎవరూ కావ్యం వ్రాయలేరని ఒప్పుకొనే మనమే, చిత్రకళకు కూడా ఓనమాలు, అలిఫ్ బేలు ఉంటాయని, వాటిని క్రమంగా దిద్దించవచ్చునని సులభంగా ఒప్పుకోము. ఆ ఓనమాలను వెదకి, వరుసలో పెట్టి, తొలిమెట్టుపై నిలిచిన విద్యార్థులకు పదేళ్ళపాటు బోధించిన మహాచిత్రకారుడు పాల్ క్లే. ఆయన జీవితాన్ని విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచాము.

క్లే 1879 డిసెంబరు 18న స్విట్జర్లాండులోని బెర్న్ నగర సమీప గ్రామంలో జన్మించాడు. తండ్రి హాన్స్ జర్మను దేశీయుడు, సంగీతోపాధ్యాయుడు. తల్లి ఇడా గాయని. ఆ ఇంట సంగీతం మాతృభాష వంటిది. క్లే బాల్యంలోనే వయొలిన్ వాదనలో గొప్ప నేర్పు సంపాదించాడు. పుట్టినది, పెరిగినది స్విస్ గడ్డపైనే అయినా తండ్రిని బట్టి ఆయన జర్మను పౌరుడైనాడు. ఈ చిన్న విషయం చివరి రోజులలో ఆయనకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది.

1898లో చిత్రకళాభ్యాసానికై మ్యూనిక్ చేరాడు. 1906లో పియానో విద్వాంసురాలు లిలీ స్టుంఫ్‌ను వివాహమాడాడు. మరుసటి ఏట కుమారుడు ఫెలిక్స్ కలిగాడు. లిలీ పియానో పాఠాలు చెప్పి సంసారం నడుపగా, క్లే వంట చేస్తూ, బిడ్డను సాకుతూ, ఆ వంటగదినే చిత్రశాలగా చేసికొన్నాడు. ఎడమచేత చిత్రించేవాడు, కుడిచేత వ్రాసేవాడు. 1911లో తన చిత్రాలకు పట్టిక వ్రాయ మొదలుపెట్టి, పసితనంలో గీసిన బొమ్మలకు కూడా అందులో చోటిచ్చాడు. ఆ పట్టిక జీవితాంతానికి తొమ్మిది వేలు దాటింది.

అప్పటికి రేఖ ఆయనకు వశమైనదే గాని రంగు వశం కాలేదు. 1914 ఏప్రిల్‌లో మిత్రులు ఆగస్ట్ మాకే, లూయి మోయియేలతో కలిసి ట్యునీషియా వెళ్ళాడు. కైరవాన్ నగరపు గుమ్మటాలు, గోడలు, వాటిపై పడే ఆఫ్రికా ఎండ ఆయన కన్నులు తెరిపించాయి. రంగు వస్తువుపై పూసే పూత కాదని, దానికదే ఒక భాష అని అక్కడ గ్రహించాడు. కొన్ని నెలలకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. మాకే ఆ ఏడే, మరొక మిత్రుడు ఫ్రాంజ్ మార్క్ 1916లో రణరంగంలో నేలకొరిగారు. 1916లోనే క్లేను కూడా సైన్యంలోకి పిలిచారు. విమానాలకు రంగులు వేస్తూ, వైమానిక శిక్షణాలయంలో లెక్కలు వ్రాస్తూ ఆయన యుద్ధకాలం గడిపాడు.

1919లో వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియస్ వైమార్ నగరంలో బౌహౌస్ అనే విద్యాలయాన్ని స్థాపించాడు. చిత్రకారునికి, చేతిపనివానికి నడుమ గోడ ఉండరాదన్నది దాని ఆశయం. గ్రోపియస్ ఆహ్వానంపై 1921 జనవరిలో క్లే అక్కడ ఉపాధ్యాయుడైనాడు. అప్పుడాయన వయస్సు 41 ఏండ్లు, బోధనానుభవం స్వల్పం. తాను అంతవరకు అలవాటుచొప్పున చేస్తూ వచ్చిన పనిని ఇతరులకు చెప్పవలసి వచ్చేసరికి, దానిని మొదటినుండి తానే మరల నేర్చుకొనవలసి వచ్చింది. ప్రతి పాఠాన్ని ముందుగా వ్రాసుకొని గాని తరగతికి వెళ్ళేవాడు కాదు. ఆయన బోధనకై వ్రాసిన పుటలు దాదాపు 3,900 బెర్న్‌లో భద్రంగా ఉన్నాయి.

ఆయన మొదటి పాఠం బిందువు. చుక్క కదిలితే రేఖ, రేఖ కదిలితే తలం, తలం కదిలితే ఘనం. రేఖలు మూడు విధాలని చెప్పేవాడు. తన ఇచ్ఛ మేరకు స్వేచ్ఛగా సాగేది క్రియాశీల రేఖ. వృత్తమో చతురస్రమో అయి, రేఖగా కాక ఆకారంగా కంటికి తోచేది మధ్యమ రేఖ. రెండు రంగుల తలాలు కలిసిన అంచున, ఎవరూ గీయకనే ఏర్పడేది నిష్క్రియ రేఖ. మన వాకిళ్ళలో చుక్కలు పెట్టి వాటి చుట్టూ ముగ్గుకర్ర తిప్పే ఇల్లాలికి, కలంతో వేసిన నుక్తాను కొలతగా తీసికొని అలిఫ్ ఎత్తును నిర్ణయించే కాతిబ్‌కు ఈ పాఠం కొత్తగా తోచదు.

రేఖ తరువాత వెలుగునీడలు, ఆ తరువాత రంగు. రేఖను కొలవవచ్చు, వెలుగునీడలను తూచవచ్చు, రంగు మాత్రం కొలతకు గాని తూనికకు గాని లొంగక తన గుణంతో నిలుస్తుందని ఆయన విభజన. తెలుపు నుండి నలుపుకు మెట్లుమెట్లుగా దిగే ఛాయలను విద్యార్థులు అభ్యసించవలసి ఉండేది. కాగితంపై ఒకవైపు చిక్కని నలుపు చేరితే తక్కెడ ఆ వైపు మొగ్గినట్లు తోస్తుంది. దానిని సరిచేయుటకు రెండవవైపు అంతే నలుపు ఉంచనక్కరలేదు. విశాలమైన లేతఛాయ చాలును. సమతౌల్యమంటే రెండు పక్కలు ఒకటిగా ఉండుట కాదని ఈ అభ్యాసం వలన తెలిసేది. రంగుల వలయంలో ఎరుపుకు ఎదురుగా ఆకుపచ్చ, పసుపుకు ఎదురుగా ఊదా, నీలానికి ఎదురుగా నారింజ. ఎదురెదురు రంగులు కలియుచు పోగా నడుమ బూడిదవర్ణం మిగులుతుంది.

ఆకును చూచి గీయుమన్నప్పుడు దాని అంచును అనుకరిస్తే ఆయనకు చాలదు. ఈనె ఎక్కడ బయలుదేరి ఎట్లు చీలినదో, ఆ చీలికయే అంచుకు ఆ వంపు ఎట్లు ఇచ్చినదో కనిపెట్టాలి. రూపం కంటె రూపొందే క్రమం ముఖ్యమని ఆయన బోధనలోని సారం. ఈ పాఠాలలో కొంత 1925లో బౌహౌస్ గ్రంథమాలలో రెండవ పుస్తకంగా వెలువడింది. అంతకుముందే 1922 డిసెంబరులో కలకత్తాలో ప్రాచ్యకళా సంఘం జరిపిన ప్రదర్శనలో ఇతర బౌహౌస్ ఉపాధ్యాయుల చిత్రాలతోపాటు క్లే చిత్రాలు కూడా మన దేశీయుల కంటబడ్డాయి. విద్యాలయం డెస్సౌ నగరానికి తరలిన పిమ్మట ఆయన నేతశాల విద్యార్థినులకు కూడా పాఠాలు చెప్పాడు. చతురస్రాలు, చారలు, వాటి ఆవృత్తులు మగ్గంపైకెక్కి వస్త్రాలైనాయి.

1931లో బౌహౌస్ విడిచి డ్యుసెల్డార్ఫ్ కళాశాలలో ఆచార్యుడైనాడు. 1933లో హిట్లరు అధికారానికి వచ్చాడు. క్లే ఇంటిని సోదా చేశారు. ఆయన యూదుడని ప్రచారం సాగింది. అది నిజం కాదు. నిజమైనా అది నేరం కాదు. అటువంటి నిందకు బహిరంగంగా సంజాయిషీ చెప్పుకొనుట తన గౌరవానికి తగదని ఆయన భావించాడు. ఉద్యోగం పోయింది. ఆ సంవత్సరాంతాన భార్యతో బెర్న్ చేరాడు. 1937లో నాజీలు భ్రష్టకళ అని పేరుపెట్టి మ్యూనిక్‌లో జరిపిన ప్రదర్శనలో ఆయన చిత్రాలు 17 ఉంచి అవహేళన చేశారు. జర్మనీలోని ప్రజాసంగ్రహాలనుండి ఆయన చిత్రాలు నూటికి పైగా జప్తు అయినాయి.

అంతకన్న క్రూరమైన దెబ్బ 1935లో తగిలింది. చర్మం గట్టిపడిపోయే వ్యాధి ఆయనకు సోకింది. 1936లో పాతిక చిత్రాలు మాత్రమే వేయగలిగాడు. కాని ఆయన కుంచె దించలేదు. సన్నని గీతల స్థానంలో లావాటి నల్లని రేఖలు వచ్చాయి. చుక్క, గీత, అర్ధవృత్తం, ఒక రంగు తలం: ఇరవై ఏండ్లనాడు వైమార్‌లో పసివిద్యార్థులకు నేర్పిన ఓనమాలే ఇప్పుడు గురువుకు ఆధారమైనాయి. 1939 ఒక్క సంవత్సరంలోనే 1,200కు పైగా చిత్రాలు పట్టికకెక్కాయి. వాటిలో ఎన్నో దేవదూతల బొమ్మలు, కొద్దిపాటి గీతలతో వేసినవి.

పుట్టిన దేశం తనను పౌరునిగా అంగీకరించాలని పెట్టుకొన్న దరఖాస్తు తేలకముందే, 1940 జూన్ 29న లోకార్నో సమీపాన మురాల్టోలో క్లే కన్నుమూశాడు. జర్మనీ వెళ్ళగొట్టినది, స్విట్జర్లాండు ఇంకా చేర్చుకొననిది అయిన ఆ జీవితానికి నిజమైన చిరునామా ఆయన పాఠాలలోనే ఉన్నది.

ప్రతిభను ఏ గురువూ పంచిపెట్టలేడు. ఓనమాలను మాత్రం పంచిపెట్టవచ్చు. ఒకసారి చేతికి వచ్చినవాటిని ఉద్యోగం తీసివేసిన ప్రభుత్వం గాని, వేళ్ళను బిగించిన వ్యాధి గాని లాగికొనజాలవని క్లే జీవితం ఋజువు చేసింది. మా చేతికి బొమ్మ రాదని వెనుదీసే విద్యార్థులు ఒక కాగితంపై చుక్క పెట్టి, దానిని కదిలించి చూడాలని కోరుతున్నాము. వారికి వారానికొక గంట, సుద్దముక్క, నల్లబల్ల సమకూర్చే విషయం మన కళాశాల పెద్దలు ఆలోచింతురు గాక.