జోసెఫు నాయకుడు

అమెరికా సంయుక్త రాష్ట్రములకు వాయవ్య దిశయందు, ఓరెగన్ రాష్ట్రపు మూలలో, వాలోవా అను లోయ కలదు. చుట్టును మంచు కప్పిన కొండలు, నడుమ నిర్మలమైన సరస్సు, వేసవిలో ఏపుగా పెరుగు పచ్చిక. నిమీపూ అను ఆదిమజాతిలోని ఒక తెగ తరతరములుగా ఆ లోయలో వేసవి గడపుచుండెడిది. ఫ్రెంచివారు ఆ జాతికి నెజ్‌పెర్స్ అని పేరు పెట్టిరి. ముక్కు కుట్టించుకొనువారని దాని యర్థము. మన దేశమున ఇది వింత కాదుగదా! సాల్మన్ చేపలను పట్టుచు, దుంపలు త్రవ్వుకొనుచు, మేలుజాతి గుఱ్ఱములను పెంచుచు వారు జీవించెడివారు.

ఆ తెగ నాయకునకు 1840వ సంవత్సరమున ఒక కుమారుడు కలిగెను. కొండలపైనుండి దొర్లివచ్చు ఉఱుము అను నర్థము గల పేరు అతనికి వచ్చినది. కాని తండ్రి క్రైస్తవ మతబోధకునివలన జ్ఞానస్నానము పొంది జోసెఫను పేరు గ్రహించి యుండుటచే, కుమారుని గూడ లోకము ఆ పేరుతోనే యెఱుగును.

1855లో ప్రభుత్వము నిమీపూలతో ఒడంబడిక చేసికొని, వాలోవాతో గూడ విశాలమైన నేలను వారిదిగా అంగీకరించెను. అయిదేండ్లకే ఆ నేలలో బంగారము బయటపడెను. 1863లో క్రొత్త ఒడంబడిక వచ్చెను. దానిచే వారికి మిగిలినది పూర్వపు నేలలో సుమారు పదవవంతు. కొందఱు నాయకులు దానికి సమ్మతించిరి. వృద్ధుడైన జోసెఫు సమ్మతింపలేదు. అయినను ఇతరుల సంతకములతో వాలోవా పోయినట్లే అధికారులు లెక్కించిరి. పొరుగువాడు వ్రాసియిచ్చిన దస్తావేజుతో మన యిల్లు అమ్ముడుపోవునా? 1871లో అవసానకాలమున ఆ వృద్ధుడు కుమారుని పిలిచి, తల్లిదండ్రుల యెముకలున్న నేలను ఎన్నడును అమ్మవలదని మాట తీసికొనెను.

అప్పుడు అమెరికాలో కాలము వేగముగా మాఱుచుండెను. 1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము రద్దయ్యెను. చితికిపోయిన దక్షిణ రాష్ట్రములను నిలబెట్టు పని ఒకవైపు సాగుచుండగా, మఱొకవైపు వేలాది కుటుంబములు పడమటికి తరలుచుండెను. అయిదేండ్లు కాపురముండి సాగుచేసినవానికి 160 ఎకరములవఱకు భూమి ఇచ్చు చట్టము 1862లోనే వచ్చెను. 1869లో తూర్పు పడమరలను కలుపు రైలుమార్గము పూర్తియయ్యెను. వాలోవాకును కాపులు వచ్చిరి. అధ్యక్షుడు గ్రాంటు 1873లో ఆ లోయలో కొంత భాగము నిమీపూలదేయని ఆజ్ఞ ఇచ్చి, 1875లో దానిని తానే రద్దుచేసెను.

ఇక్కడ ఆలివర్ హోవార్డు అను సేనాపతిని గూర్చి చెప్పవలెను. అంతర్యుద్ధములో అతడు కుడిచేతిని పోగొట్టుకొనెను. యుద్ధానంతరము విముక్తులైన బానిసల యోగక్షేమములు చూచు ప్రభుత్వ శాఖకు అధిపతియై, వారి చదువులకై పాటుపడెను. వాషింగ్టన్ నగరములోని హోవార్డు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరే పెట్టిరి. జోసెఫు నుండి వాలోవాను లాగికొనుట పొరపాటని ఆయనయే ఒకప్పుడు పై అధికారులకు వ్రాసెను. అట్టివాడే 1877 మే నెలలో, ముప్పది దినములలో లోయను విడువవలెనని జోసెఫునకు గడువు పెట్టెను! ఒక జాతి సంకెళ్లు విప్పుటకు పాటుపడిన మనిషి మఱొక జాతిని ఇల్లు వెడలగొట్టుట నాకు నేటికిని మింగుడుపడని సంగతి.

యుద్ధము చేసినచో తనవారు నశింతురని జోసెఫు ఎఱుగును. కావున తలయొగ్గెను. ఏఱులు పొంగి పొరలుచున్న కాలమది. పసివారిని, ముసలివారిని తోళ్లతో కట్టిన తెప్పలపై దాటించిరి. పశువులెన్నో కొట్టుకొనిపోయినవి. ఇంతలో, పూర్వము తన తండ్రిని ఒక తెల్లవాడు చంపెనను కసితో ఒక యువకుడు తోడివారితో పోయి కొందఱు కాపులను చంపెను. ఇక యుద్ధము తప్పలేదు. జోసెఫు భార్య ఆ దినములలోనే ఒక ఆడుశిశువును కనెను.

జూన్ 17న జరిగిన తొలిపోరులో 34 మంది సైనికులు కూలిరి. నిమీపూలలో ఒక్కడును చావలేదు. పిమ్మట సుమారు ఎనిమిదివందల మంది, అందులో అధికులు స్త్రీలు, బాలురు, వృద్ధులు, తూర్పునకు కొండలు దాటి సాగిరి. దారిలో ఒక ఊర సరకులను దోచుకొనక సొమ్మిచ్చి కొనుక్కొనిరి. ఆగస్టు 9న బిగ్‌హోల్ కడ వేకువజామున నిద్రించుచున్న వారిపై సైన్యము పడెను. చచ్చినవారిలో స్త్రీలును బిడ్డలును ఎందఱో! అయినను మిగిలినవారు గాయపడినవారిని మోసికొని యెల్లోస్టోన్ వనము మీదుగా ఉత్తరమునకు, కెనడా సరిహద్దు వైపునకు సాగిరి.

ఆనాటి పత్రికలు ఈ ప్రయాణమంతయు జోసెఫు యుద్ధకౌశలమేయని కీర్తించినవి. నిజమునకు పోరు నడపినవారు అతని తమ్ముడు ఓలోకోట్, లుకింగ్‌గ్లాస్ మున్నగు నాయకులు. జోసెఫు ముఖ్యముగా గుడారములను, బిడ్డలను, గుఱ్ఱములను కనిపెట్టుకొని యుండెను. ఆ పని కత్తి త్రిప్పుటకంటె తేలికయని నేననుకొనను.

పదునొకండు వందల మైళ్లకు పైగా నడచి, సరిహద్దునకు ఇంక నలువది మైళ్లనగా, సెప్టెంబరు 30న బేర్‌పా కొండలయొద్ద మైల్సు అను సేనాని దండు వారిని చుట్టుముట్టెను. మంచు కురియుచుండెను. గోతులలో పిల్లలు చలికి వణకుచుండిరి. ఓలోకోట్ మడిసెను, లుకింగ్‌గ్లాస్ మడిసెను. జోసెఫు పెద్దకూతురు తప్పించుకొని కెనడా చేరెను. స్వస్థలమునకు సమీపమునకే పంపుదుమని మాట ఇయ్యగా, అక్టోబరు 5న జోసెఫు తుపాకి అప్పగించెను.

ఆ మాట నిలువలేదు. వారిని తూర్పున కాన్సాస్‌కును, అటుపై నేటి ఓక్లహోమా ప్రాంతమునకును తరలించిరి. చలిజ్వరములతో ఎందఱో చచ్చిరి. యుద్ధమున పుట్టిన పసికూనయు దక్కలేదు. 1879లో జోసెఫు వాషింగ్టన్ పోయి, పెద్దల యెదుట తన జాతి గోడు వినిపించెను. విన్నవారు మెచ్చుకొనిరి, కాని నేల ఇయ్యలేదు. 1885లో వారిని వాయవ్యమునకు పోనిచ్చిరిగాని, జోసెఫును మాత్రము వాలోవాకు గాక, వాషింగ్టన్ ప్రాంతములోని కోల్‌విల్‌కు పంపిరి.

1900లో అతడు వాలోవాను చూడబోయెను. ఒక తెల్లజాతి కాపు వృద్ధ జోసెఫు సమాధి చుట్టును కంచె కట్టి కాపాడియుండెను. అది చూచి అతడు కన్నీరు పెట్టెను. వెలయిచ్చి కొనెదనన్నను అక్కడివారు అతనికి నేల అమ్మలేదు.

1904 సెప్టెంబరు 21న, కోల్‌విల్‌లోని నెస్పెలెమ్ గ్రామమున జోసెఫు మరణించెను. గుండె పగిలి చనిపోయెనని వైద్యుడు చెప్పెనందురు. వాలోవా లోయలోని ఒక పట్టణమునకు జోసెఫు అని పేరు. అతని సమాధి నెస్పెలెమ్‌లోనే యున్నది.