రిటైరయ్యాక వచ్చిన పిలుపు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టనబెట్టుకుంది. అప్పటికే బొంబాయి ప్రభుత్వ కొలువు విడిచిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు విదేశాల్లో ఉన్నారు. నిజాం ప్రభుత్వం కబురంపితే 1909లో వచ్చారు. (పూర్వీకులది మన గిద్దలూరు ప్రాంతమే.) వరదను ఊరికి ఎగువనే ఆపాలన్నారు. ఆ ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ముంచిన నీరే మంచినీరయింది.

నాకు మాత్రం ఆయన మురుగు పథకమే గొప్పగా తోస్తుంది. వాడిన నీరు వీధిలో నిలవకుండా భూగర్భ గొట్టాల్లో ఊరు దాటాలన్నారు. చెరువులకు నిజాం పేరూ, కుమారుడి పేరూ పెట్టారు. పాతిపెట్టిన గొట్టానికి పేరెవరు పెడతారు? 1955లో భారతరత్న అందుకుని, 1962లో నూరేళ్ళు దాటాక ఆయన కన్నుమూశారు.