ఆలివర్ వించెస్టర్

ఆలివర్ ఫిషర్ వించెస్టర్ (నవంబర్ 30, 1810 - డిసెంబర్ 11, 1880) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ పారిశ్రామికవేత్త, రాజకీయ నాయకుడు. వించెస్టర్ రిపీటింగ్ ఆర్మ్స్ కంపెనీ స్థాపకుడు. ఇతడు తుపాకుల పని నేర్చినవాడు కాడు, చొక్కాల తయారీదారు. అయినప్పటికీ రైఫిలుకూ, నడుమున ధరించే రివాల్వరుకూ ఒకే తూటాను వాడే పద్ధతి వ్యాపించుటలో ఇతని కంపెనీ తుపాకులు ముఖ్యపాత్ర వహించాయి. నేటి పిస్తోలు తూటా కార్బైన్లకు (పిస్తోలు తూటాలను కాల్చే పొట్టి రైఫిళ్ళకు) ఇవి పూర్వరూపాలు.

బాల్యము, తొలి వ్యాపారము

వించెస్టర్ మసాచుసెట్స్ రాష్ట్రములోని బోస్టన్ నగరములో జన్మించాడు. పసితనములోనే తండ్రి మరణించుటచే పేదరికములో పెరిగాడు. చిన్నతనములో పొలాలలో పనిచేసి, తరువాత వడ్రంగము నేర్చుకున్నాడు. బాల్టిమోర్ నగరములో కొంతకాలము ఇళ్ళు కట్టించి, ఆపై పురుషుల దుస్తుల దుకాణము నడిపాడు. 1834లో జేన్ ఎలెన్ హోప్‌ను వివాహమాడాడు. చొక్కా మెడపట్టీ వద్ద లాగినట్లు ఉండకుండా బట్టను కత్తిరించే పద్ధతికి 1848లో పేటెంటు పొందాడు. కనెక్టికట్ రాష్ట్రములోని న్యూ హేవెన్‌లో జాన్ డేవిస్ అనే భాగస్వామితో కలిసి చొక్కాల కర్మాగారము స్థాపించి ధనవంతుడయ్యాడు.

తుపాకుల పరిశ్రమ

హొరేస్ స్మిత్, డేనియల్ వెస్సన్‌ల పేటెంట్ల ఆధారముగా 1855లో ఏర్పడిన వోల్కానిక్ రిపీటింగ్ ఆర్మ్స్ కంపెనీలో ఇతడు పెట్టుబడి పెట్టాడు. ఆ తుపాకులలో మందును గుండు అడుగున ఉన్న బోలులోనే కూరేవారు. మందు తక్కువ కావడముతో దెబ్బ బలహీనముగా ఉండేది. కంపెనీ దివాలా తీయగా, వించెస్టర్ 1857లో దానిని న్యూ హేవెన్ ఆర్మ్స్ కంపెనీగా పునర్వ్యవస్థీకరించాడు. అక్కడి పనివాడైన బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో లోహపు తూటాతో పనిచేసే కొత్త రైఫిలుకు పేటెంటు పొందాడు. అందులో 16 తూటాలు పట్టేవి. అమెరికా అంతర్యుద్ధములో ప్రభుత్వము కొన్నది సుమారు 1,700 మాత్రమే. చాలామంది సైనికులు సొంత డబ్బుతో కొనుక్కున్నారు.

తనకు దక్కిన ప్రతిఫలము చాలదని భావించిన హెన్రీ, వించెస్టర్ ఐరోపాలో ఉన్న సమయములో కంపెనీని తన వశము చేసుకొనుటకు ప్రయత్నించాడు. తిరిగి వచ్చిన వించెస్టర్ 1866లో తన పేరుతో కొత్త కంపెనీ స్థాపించాడు. తుపాకీపై హెన్రీ పేరు పోయి వించెస్టర్ పేరు నిలిచింది. 1866 నమూనాలో నెల్సన్ కింగ్ రూపొందించిన పక్క ద్వారము వలన తూటాలు నింపుట సులభమయింది.

ఒకే తూటా, రెండు తుపాకులు

1873 నమూనా కోసము 44-40 అనే తూటాను ప్రవేశపెట్టారు. దీనిలో 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) నల్లమందు, 200 గ్రెయిన్ల (సుమారు 13 గ్రాముల) గుండు ఉండేవి. 1878లో కోల్ట్ కంపెనీ ఇదే తూటాకు సరిపడే రివాల్వరును విడుదల చేసింది. దానితో పశువుల కాపరులు, వేటగాళ్ళు, ప్రయాణికులు రెండు ఆయుధాలకూ ఒకే రకపు తూటాలు మోస్తే సరిపోయింది.

ఒకే తూటా అయినా కార్బైనులో ఫలితము వేరు. పొడవైన గొట్టములో మందు వాయువులు గుండును ఎక్కువ దూరము నెట్టుటచే వేగము పెరుగుతుంది. భుజానికి ఆనించుటచే గురి నిలకడగా ఉంటుంది. కార్బైను గొట్టము 20 అంగుళాలే కనుక గుర్రముపై వాడుటకూ అనువుగా ఉండేది.

అయితే ఈ సౌలభ్యమే దాని పరిమితి కూడా. రివాల్వరులో ఇమిడే తూటా దూరపు లక్ష్యాలకు చాలదు. అమెరికా సైన్యము 1873లో 70 గ్రెయిన్ల మందు గల తూటాతో ఒక్కొక్క గుండే కాల్చే స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలును ఎంచుకున్నది. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధములో లకోటా, షయాన్ యోధులలో కొందరి వద్ద హెన్రీ, వించెస్టర్ రైఫిళ్ళు ఉండగా, వారి చేతిలో ఓడిన సైనికుల వద్ద స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్లు ఉన్నాయి. తరువాతి కాలపు ప్రకటనలు 1873 నమూనాను పశ్చిమ ప్రాంతాన్ని జయించిన తుపాకీగా కీర్తించాయి. ఆ ప్రాంతపు మూలవాసులకు మాత్రము అది తమ భూములు కోల్పోయిన కాలము.

చివరి రోజులు, వారసత్వము

రిపబ్లికన్ పార్టీకి చెందిన వించెస్టర్ 1866-67లో కనెక్టికట్ లెఫ్టినెంట్ గవర్నరుగా పనిచేశాడు. 1880లో న్యూ హేవెన్‌లో మరణించాడు. మరుసటి సంవత్సరమే కుమారుడు విలియం క్షయవ్యాధితో మరణించాడు. విలియం భార్య సారా కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో కట్టించిన విచిత్ర భవనము ప్రసిద్ధి చెందింది. 1873 నమూనా రైఫిళ్ళు 7 లక్షలకు పైగా తయారయ్యాయి. న్యూ హేవెన్ కర్మాగారము 2006లో మూతబడింది.