జోడేఘాట్ వీరుడు కొమరం భీము

ఆసిఫాబాదు అడవులలోని సంకేపల్లియందు 1901 ప్రాంతమున ఒక గోండు ఇంట కొమరం భీము జన్మించెను. తండ్రి పేరు చిన్ను. ఆ దినములలో నిజాము ప్రభుత్వము అడవికి హద్దులు వేయుచుండెను. హద్దు లోపల పడిన పల్లె పల్లె కాదు. తాతలనాటి చేను చేను కాదు. చెట్టు కొట్టి, చదునుచేసి విత్తినవానిదే నేల యని గోండులు నమ్మిరి. పట్టా చూపుమన్న అధికారికి వారేమి చూపగలరు?

తండ్రి మరణానంతరము ఆ కుటుంబము కెరమెరి సమీపమున సుర్దాపూరు చేరి పోడు సాగుచేసెను. పంట చేతికి వచ్చువేళ సిద్దిఖ్ అనువాడు భూమి తనదని దిగెను. ఘర్షణలో అతడు భీముచేత హతుడయ్యెను. ఈ హత్యను మెచ్చుకొనుటకు లేదు; కాని నాడు గోండునకు న్యాయస్థానము ఎంత దూరమున నుండెనో మరువరాదు.

భీము చాందా ప్రాంతమునకు పారిపోయి, అచ్చట ఒక ముద్రాపకుని కొలువున చదువను వ్రాయను నేర్చెను. పిదప అస్సాము తేయాకు తోటలలో కూలి చేసెను. వెడలినవాడు నిరక్షరుడు, మరలివచ్చినవాడు అర్జీ వ్రాయగలవాడు. అడవిలో ఇది సామాన్యమైన మార్పు కాదు.

బాబేఝరి, జోడేఘాట్ మున్నగు పండ్రెండు గూడెముల వారిని అతడు కూడగట్టెను. వెడలగొట్టిన చోటనే గోండులు, కోలాములు గుడిసెలు వేసికొనిరి; అటవీ సిబ్బంది తగులబెట్టగా మరల వేసికొనిరి. మొదట భీము అర్జీలనే నమ్మెను. హైదరాబాదు పోయి నిజామును దర్శింపగోరెను; దర్శనము లభింపలేదు. అటుపిమ్మట నీరు, అడవి, నేల తమవేయని ఆయుధము పట్టెను. 1940లో పోలీసులు జోడేఘాట్ కొండను చుట్టుముట్టి కాల్పులు జరిపిరి. భీము, అతని సహచరులు పలువురు నేలకొరిగిరి.

ఆ తరువాతనే ప్రభుత్వము కారణము వెదకెను! 1941లో ఆస్ట్రియా దేశీయుడగు హైమన్‌డార్ఫ్ పండితుడు గోండుల నడుమ నివసించి, తిరుగుబాటునకు మూలము భూమియేయని తేల్చెను. పిమ్మట వేలాది కుటుంబములకు పట్టాలు లభించెను. 1943లో మార్లవాయి యందు గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఆరంభమయ్యెను.

ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలుగాకుండ 1959లో చేసిన శాసనము 1963లో తెలంగాణమునకు వర్తించెను. అక్రమముగా పోయిన భూమిని తిరిగి యిప్పించుటకు అందు వీలున్నది. 1970 సవరణతో గిరిజనేతరుని చేతనున్న ఏజెన్సీ భూమి గిరిజనునివద్ద పొందినదిగానే భావింపబడును. కాదని ఋజువు చేయవలసినవాడు ఆ గిరిజనేతరుడే. కాగితము చూపవలసిన వంతు మారెను.

ఏటేట ఆశ్వయుజ పౌర్ణమినాడు గోండులు జోడేఘాట్ చేరి భీమునకు నివాళులర్పించుచున్నారు.